సీలు విప్పని గడులు

"నేనే చంపిన మేడం," అంది గ్రేస్. "సీఐ సారుకు గూడ గదే చెప్పిన."

డాక్టర్ షాజియా కుర్చీని టేబుల్ దగ్గరికి లాక్కుంది. బోధన్‌లోని ఆ స్టేషన్ వెనక గదిలో ఒకటే కిటికీ. తలుపు దగ్గర ఆడ కానిస్టేబుల్ నిలబడి ఉంది. సీఐ బాపురావు ఇచ్చింది పావుగంట. అందులో కొంత సంతకాలకే పోయింది.

గ్రేస్‌ను క్లాసు మధ్యలోంచి లేపుకొచ్చారు. వేళ్లకు అంటిన చాక్‌పీసు పొడి అలాగే ఉంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన మనిషిలా లేదు. తీర్పు అయిపోయిన మనిషిలా ఉంది.

"ఏం జరిగిందో నాకు చెప్పు."

"ఏం చెప్పాలె మేడం? పొద్దున మామకు తానానికి బకీట్ల హీటర్ రాడ్ పెట్టిన. స్విచ్ బందు చేసిన్నో లేదో యాదికి లేదు. స్కూల్‌కు పోయిన. మామ నీళ్లల్ల చెయ్యి పెట్టిండు." వేళ్లకున్న పొడిని చీరకు రుద్దుకుంది. "యాదికి లేదంటే చెయ్యలేదన్నట్టే గద. నా సంగతి నాకు ఎరుకే. ఎన్నిసార్లు పాలు పొంగబెట్టలే? ఎన్నిసార్లు తాళం తలుపుకే ఇడ్సిపెట్టి పోలే?"

ఎనిమిది నెలల కింద ఇదే గ్రేస్ నిజామాబాద్‌లోని షాజియా క్లినిక్‌లో తల దించుకుని కూర్చుంది. ముప్పై ఆరేళ్ల వయసులో నాలుగు స్కూళ్లు మారింది. మారలేదు, మాన్పించారు. మతిలేనిదని, నిర్లక్ష్యమని, మొండిదని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది మొగుడు కాదు, తల్లి కాదు. మామ సత్యానందం. ఎడపల్లి నుంచి బస్సులో వెంటబెట్టుకొచ్చి, బయట కూర్చోమన్నా వినకుండా లోపలికొచ్చాడు. "డాక్టరమ్మా, నా కోడలు తెలివిగల్లది. కని పని మధ్యల మనసు ఎటో పోతది. ఇది కావాలని చేసేది గాదు. ఏముందో జర సూడుండ్రి," అన్నాడు.

ఉన్నది ఏడీహెచ్‌డీ. పిల్లల జబ్బని అందరూ అనుకునే ఆ ధ్యాస నిలవనితనం పెద్దయ్యాక కూడా వదలదని, వదలకపోయినా బతుకు చక్కబెట్టుకోవచ్చని పదకొండేళ్లుగా షాజియా చెబుతూనే ఉంది. మందు మొదలుపెట్టిన రెండో నెలలో గ్రేస్ ఫోన్ చేసి, పిల్లల పరీక్ష పేపర్లన్నీ ఒకేసారి కూర్చుని దిద్దేశానని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇప్పుడు ఆ సత్యానందం మార్చురీలో ఉన్నాడు.

"స్విచ్ సంగతి ఇడ్సిపెట్టు," అంది షాజియా. "దాని ముందు ఏం చేస్తున్నవ్? చేతుల ఏముండె?"

"టిఫిన్ డబ్బా. కడుగుతున్న."

"మామ ఎక్కడుండె?"

"అరుగు మీద. బూట్లకు పాలిష్ పెట్టుకుంటుండె."

"ఇంట్లనే కూసునే మనిషికి బూట్లకు పాలిషెందుకు?"

గ్రేస్ కళ్లెత్తింది. ఆ ప్రశ్న ఆమెకు ఇప్పటిదాకా రాలేదు. "తెల్వదు మేడం. ఎటో పోయేదున్నట్టు... నేను అడగలే."

"సరే. డబ్బా కడిగినవ్. తర్వాత?"

"బాత్‌రూం దిక్కు పోయిన. మామ కేకేసిండు. చెయ్యి తుడుసుకో బిడ్డా, కరెంటుతోటి ఆటలొద్దు అని. తలుపుకు తువ్వాల ఉండె. తుడుసుకున్న."

"తుడుసుకొని?"

గ్రేస్ తన కుడి బొటనవేలు చూసుకుంది.

"టక్ మంది," అంది మెల్లగా. "ఆ స్విచ్ బిర్రుగుంటది. బొటనవేలుతోటి గట్టిగ నొక్కాలె. గోరు నొచ్చింది." అంతలోనే తల అడ్డంగా ఊపింది. "కాదు మేడం. గది నిన్నటిదేమో. రోజూ చేసేదే గద. నాకు రోజులన్నీ కలిసిపోతయి."

"నిన్న గూడ తువ్వాల తలుపుకే ఉండెనా?"

"నిన్న... లేదు. నిన్న ఉతికి దండెం మీద ఏసిన. చీరకే తుడుసుకున్న నిన్న." గ్రేస్ నిటారుగా కూర్చుంది. "ఇయ్యాలనే మేడం. టక్ మన్నది ఇయ్యాలనే."

షాజియా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకొకటి చెప్పు. మందు సరిగ వేసుకుంటున్నవా?"

"ఒక్క పూట గూడ తప్పలే. గోళీల డబ్బా మామనే నా ముందల పెడ్తడు. కని నెల సంది మళ్ల పాత గ్రేస్‌నే అయిన మేడం. పొద్దంత మత్తు. మొన్న ఏడో క్లాసుకు పోవాల్సింది తొమ్మిదిల పోయి పాఠం షురూ చేసిన. పిల్లలు నవ్విండ్రు. మీకు చెప్దామంటే సిగ్గయింది. మందు గూడ నన్ను బాగు చెయ్యలేదనుకున్న."

కానిస్టేబుల్ తలుపు మీద తట్టింది.

*

సీఐ బాపురావు మద్నూర్ వైపు మనిషి. గొంతు పెంచడు. ఏలకకాయ నములుతూ, ఎదుటివాళ్లు అయిపోయేదాకా ఆగి, అప్పుడు మొదలుపెడతాడు.

"పావుగంటల మాట మార్పిచ్చిండ్రు మేడం. మీ హస్తవాసి మంచిదే."

"మాట మార్పియ్యలే సీఐ గారు. యాదికి తెప్పిచ్చిన. ఆమె స్విచ్ బందు చేసే పోయింది."

"పొద్దున నేను అడిగితే చెయ్యలే అన్నది. ఇప్పుడు మీరు అడిగితే చేసిన అంటది. రేపు కోర్టుల ఏమంటది?"

"పొద్దున మీరు అడిగింది, బందు చేసినవా లేదా అని. గట్ల అడిగితే ఆమె ఎప్పుడూ లేదనే అంటది. ముప్పై ఏండ్ల సంది ప్రతి తప్పూ తనదేనని ఒప్పుకునుడు అలవాటైంది ఆమెకు. చెయ్యని తప్పులు గూడ."

బాపురావు నవ్వలేదు. సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో మూడు తెల్ల మాత్రలు.

"గివి గుర్తువడ్తున్నరా?"

షాజియా కవరును వెలుతురులోకి ఎత్తింది. గుండ్రటి మాత్రలు. నడుమ అడ్డగీత.

"ఇవి నేను రాసే మందే. ఎక్కడియి?"

"చెరుకు లారీ డ్రైవర్ జేబుల దొరికినయి. ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ బందయినంక చెరుకంత దూరం పోతుంది. సీజన్‌ల డ్రైవర్లకు కంటి మీద కునుకుండదు. గిది ఏసుకుంటే నిద్ర రాదట. పోయిన వారం ఒక లారీ కాలువల పడ్డది. క్లీనర్ చచ్చిపోయిండు. పంతొమ్మిదేండ్ల పోరడు." ఏలకకాయ తొక్క తీసి చేతిలో పెట్టుకున్నాడు. "ఈ మందు చీటీ లేకుండ దొరకదు. పెద్దోళ్లకు గిది రాసే డాక్టర్లు ఈ జిల్లాల ఎందరు మేడం?"

"ఎక్కువ నేనే."

"గందుకే అడుగుతున్న. మీ పేషెంటు ఇంట్ల ముసలాయన సచ్చిండు. మీ గోళీలు లారీలల్ల తిరుగుతున్నయి. మీరేమో నా స్టేషన్‌ల కూసొని నాకు పాఠం చెప్తున్నరు."

షాజియా లేచి నిలబడింది. "నా మీద అనుమానముంటే నన్నే అడుగుండ్రి, నేను యాడికీ పోను. కని ఆ బాత్‌రూం నాకు ఒక్కసారి సూపియ్యుండ్రి. తప్పు నాదయితే మీ ముందలనే ఒప్పుకుంట."

బాపురావు మాత్రల కవరును జేబులో పెట్టుకుని లేచాడు. "నేనెట్లాగూ పోతున్న. రండ్రి."

నిర్లక్ష్యం వల్ల చావు అన్న కేసు కాబట్టి స్టేషన్‌లోనే బెయిలు దొరికింది. స్కూల్ హెడ్‌మిస్ట్రెస్ వచ్చి జామీను సంతకం పెట్టింది. గ్రేస్ మొగుడు రాజ్ కిరణ్ మస్కట్‌లో ఉన్నాడు. రేపు పొద్దున దిగుతాడు. చావు జరిగిన ఇంటికి గ్రేస్‌ను ఒంటరిగా పంపడం షాజియాకు ఇష్టం లేదు. బయట వేపచెట్టు కింద ఆపిన తన కారు దగ్గరికి ఆమెను నడిపించుకెళ్లింది.

కారు పక్కన సాయిరాం నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా క్లినిక్‌లో మందుల గది, ఫోను, అవసరమైతే స్టీరింగు అన్నీ అతనివే. షాజియాను నిజామాబాద్ నుంచి తీసుకొచ్చింది అతనే. గ్రేస్‌ను చూడగానే ముందు తలుపు తెరిచి, నీళ్ల సీసా మూత తీసి అందించాడు.

"క్లినిక్‌కు తీస్కపో సాయిరాం. సిస్టర్ సవితను ఈమె పక్కనుంచి కదలొద్దని చెప్పు. నేను సీఐ గారి జీపుల వస్త."

"మీరు రంది పెట్టుకోకుండ్రి మేడం. అక్కను నేను సూసుకుంట."

గ్రేస్ కారెక్కే ముందు వెనక్కి తిరిగింది. "టక్ మంది మేడం," అంది మళ్లీ, ఆ ఒక్కమాట చేతిలోంచి జారిపోతుందేమోనన్నట్టు.

*

ఎడపల్లిలో సత్యానందం ఇల్లు రోడ్డుకు లోపల, ప్రహరీ లేని ఇల్లు. వెనక వాకిట్లో రేకుల బాత్‌రూం. దాని తలుపు పక్కన గోడకు, బయటివైపు స్విచ్ బోర్డు. తలుపుకు నీలంగీతల తువ్వాలు వేలాడుతోంది. షాజియా దాన్ని బాపురావుకు చూపించింది. అతను తలాడించాడు.

లోపల ప్లాస్టిక్ బకెట్, పక్కన చిన్న పీట. రాడ్‌ను పోలీసులు తీసుకుపోయారు. దాని తొడుగు అడుగున పగిలి ఉందని, షాక్ అందుకే అంత గట్టిగా కొట్టిందని బాపురావు చెప్పాడు. బకెట్‌లో నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి.

షాజియా వంగి బకెట్ చుట్టూ వేళ్లతో తడిమింది. ఎక్కడా వంకర లేదు, మెత్తబడిన గుర్తు లేదు.

"మొదలు చూసింది ఎవరు?"

"పక్కింటి గంగవ్వ."

గంగవ్వ అప్పటికే వాకిట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అరవై దాటిన మనిషి. పొద్దున్నుంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారేమో, మాట్లాడటానికి భయపడుతోంది.

"అవ్వా, నువ్వు వచ్చేవరకు రాడ్ నీళ్లల్లనే ఉండెనా?" అంది షాజియా.

"ఉండె బిడ్డా. ఆయన పీట మీదినుంచి పక్కకు ఒరిగి ఉండె. చెయ్యి బకీట్లనే ఉండె. స్విచ్ ఎర్రలైటు ఎలుగుతుండె. కట్టెతోటి కొట్టి బందు చేసిన. అటెనుక చెయ్యి బయటకు తీసిన."

"నీ చెయ్యి నీళ్లకు తాకిందా?"

"తాకింది."

"కాలిందా?"

"కాలుడేంది? గోరెచ్చగ ఉండె."

షాజియా బాపురావు వైపు తిరిగింది. "గ్రేస్ బడికి పోయింది ఏడున్నరకు. గంగవ్వ వచ్చింది తొమ్మిదికి. గంటన్నర, అంతకు ముందు పెట్టింది గూడ కలుపుకుంటే రెండు గంటల పైన. రాడ్ గంతసేపు నడిస్తే ఈ బకీట్ల నీళ్లు ఎట్లుండాలె?"

"మరిగి సగమై పోవాలె," అన్నాడు బాపురావు. చెప్పాక గానీ తానేం చెప్పాడో అతనికి తట్టినట్టు లేదు. నములుతున్నది ఆపాడు.

"బకీటు మెత్తబడాలె. నీళ్లు అంచుదాక ఉన్నయి. గోరువెచ్చగ ఉన్నయి. అంటే పొద్దున కాగినయి, స్విచ్ బందయింది, చల్లారుకుంట వచ్చినయి. మళ్ల స్విచ్ పడ్డది గంగవ్వ వచ్చే జర ముందల."

"ముసలాయనే వేసుకొని ఉంటడు. చల్లారినయని."

"ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర చేసిన మనిషి. తడిచేతితోటి స్విచ్ ముట్టొద్దని కోడలి మీద కేకేసిన మనిషి. స్విచ్ ఏసి, గప్పుడే నీళ్లల్ల చెయ్యి పెడ్తడా?"

బాపురావు బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. పీట మీద కూర్చుని కుడిచెయ్యి బకెట్ మీదికి చాపాడు. ఎడమచేతిని తలుపులోంచి బయటికి, బోర్డు వైపు సాగదీశాడు. వేళ్లకూ స్విచ్‌కూ మధ్య మూరెడు ఖాళీ మిగిలింది. ఇంకొంచెం వంగాడు. పీట కిర్రుమంది. అందలేదు.

లేచినప్పుడు అతని ముఖంలో స్టేషన్‌లో ఉన్న ఆ నిబ్బరం లేదు.

"బయట ఎవరో నిలవడి ఉండాలె," అన్నాడు.

"అవ్వా," అంది షాజియా, "పొద్దున ఎవరన్నా వచ్చిండ్రా?"

"నేను సూడలే బిడ్డా. మా గోడకు గివతల పిడకలు తీస్తున్న. ఆయన మాటైతే ఇనవడ్డది. ఫోన్ల కొడుకుతోటి మాట్లాడుతుండనుకున్న."

"ఏమన్నడు?"

"జర కూసో, తానం చేసి వస్త, ఇద్దరం కలిసే పోదాం అన్నడు."

మస్కట్‌లో ఉన్న కొడుకును ఎవరూ కూర్చోమని అనరు. ఆ సంగతి గంగవ్వకు కూడా అప్పుడే అర్థమైనట్టుంది. ఆమె మెల్లగా నేల మీద కూలబడింది.

"గిది నాకు పొద్దున ఎందుకు చెప్పలే?" అన్నాడు బాపురావు.

"కోడలు స్విచ్ మర్చిందా అని అడిగిండ్రు సారు. మాటలు ఇన్నవా అని అడగకపోతిరి."

బాపురావు ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "ఇంట్ల ఏం పోలేదు. బలవంతంగ తలుపు తీసిన జాడ లేదు. కూసో అన్నడంటే తెలిసినోడే. ముసలాయనను సంపి ఎవనికేం లాభం?"

షాజియా ఇంట్లోకి నడిచింది. ముందుగదిలో గోడ అల్మారాలో, బైబిల్ పక్కన, ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఏడు గడులు, గడికో వారం పేరు. అది షాజియా ఆలోచనే. వేసుకున్నామో లేదో గుర్తుండని మనుషులకు మందు డబ్బానే గుర్తుగా ఉండాలని, వారానికి సరిపడా మాత్రలు క్లినిక్‌లోనే గడుల్లో పోసి, ఒక్కో గడి మీద స్టిక్కరు అంటించి పంపడం తనే మొదలుపెట్టింది. చించిన గడి అంటే వేసుకున్నట్టు. ఈ వారం డబ్బా సోమవారం వచ్చింది. సోమ, మంగళ, బుధ గడులు చిరిగి ఖాళీగా ఉన్నాయి. గురువారం నుంచి నాలుగు గడులు సీలుతోనే ఉన్నాయి.

"మీ ముందలనే విప్పుతున్న," అని షాజియా గురువారం గడి స్టిక్కరు చించి మాత్రను అరచేతిలోకి వంచుకుంది.

తెల్లగా, గుండ్రంగా ఉంది. బొటనవేలితో తిప్పి చూసింది. రెండోవైపు తిప్పింది.

అడ్డగీత లేదు.

శుక్రవారం గడి విప్పింది. శనివారం. ఆదివారం. ఏ మాత్రకూ గీత లేదు.

"మీ కవరు తియ్యుండ్రి సీఐ గారు."

అతను లారీ డ్రైవర్ దగ్గర దొరికిన మాత్రను అల్మారా అంచు మీద పెట్టాడు. దాని పక్కన షాజియా గ్రేస్ మాత్రను పెట్టింది. ఒకదానికి గీత ఉంది, ఇంకోదానికి లేదు.

"ఇది నా మందు గాదు," అంది. "నెల సంది ఈ పిల్ల వేరే ఏదో మింగుతుంది."

గడప దగ్గర నిలబడిన గంగవ్వ తొంగిచూసింది. "గది సర్దిగోళీ గద," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మొన్న నాకు సర్ది జేసింది. ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర గోళీలు తెచ్చుకున్న. సత్యానందం నా చేతిల సూసి, గంగవ్వా, గిది మా కోడలి గోళీ లెక్కనే ఉందేంది అన్నడు. ఒకటి అడుక్కొని తీస్కపోయిండు. దీపం కింద రెండు పక్కపక్కన పెట్టుకొని సూస్తనే ఉండె. ఏందయ్యా అంటే, ఏం లేదు, డాక్టరమ్మను అడగాలె అన్నడు."

జలుబు మాత్ర. మత్తు తెచ్చే మాత్ర. ధ్యాస నిలవని మనిషికి రోజూ పొద్దున్నే నిద్రమందు పోసినట్టు. షాజియాకు క్లాసులో నవ్విన పిల్లలు గుర్తొచ్చారు. మందు కూడా నన్ను బాగు చెయ్యలేదనుకున్న, అన్న గ్రేస్ ముఖం గుర్తొచ్చింది.

"అసలు గోళీలు లారీలకు, దొంగ గోళీలు మీ పేషెంటుకు," అన్నాడు బాపురావు. "ఇంట్ల మార్చిండ్రా?"

"లేదు. నాలుగు గడుల సీలు మీ కండ్ల ముందు నేనే చింపిన. సీలు వెయ్యకముందే మారినయి."

"సీలు ఎక్కడేస్తరు?"

"మా క్లినిక్‌ల."

బాపురావు తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కావాలనే నిలబడ్డాడు.

"ఇగ నా మాట ఇనుండ్రి మేడం. నిన్న పొద్దుమీకి ముసలాయన ఫోన్ నుంచి ఆఖరు కాల్ మీ క్లినిక్ నంబరుకే పోయింది. నాలుగు నిమిషాలు మాట్లాడిండు. మీరు గది నా దగ్గర దాస్తున్నరనే అనుకున్న. మీరు ఇక్కడికొచ్చి ఏం వెతుకుతరో సూద్దామనే మిమ్మల్ని తెచ్చిన. చెప్పుండ్రి. ఏమన్నడాయన?"

"నాతో మాట్లాడలే. నాకు ఆ కాల్ వచ్చినట్టే తెల్వదు."

"ఫోన్ ఎవరెత్తిండ్రు?"

షాజియా ఆ ఇంట్లో నిలబడి, ఒక్కొక్కటే తన ముందుకొస్తున్నదాన్ని చూస్తోంది. ఫోన్ ఎత్తే మనిషి ఒక్కడే. డబ్బాలు నింపేది అతనే. స్టిక్కరు అంటించేది అతనే. సోమవారం ఎడపల్లి దాకా బండి మీద తెచ్చి ఇచ్చేదీ అతనే. సత్యానందానికి అతను తెలుసు. డాక్టరమ్మ నిన్ను తీసుకురమ్మంది పెద్దనాన్నా, రేపు పొద్దున వస్త అని ఫోన్‌లో అంటే ఆ ముసలాయన నమ్ముతాడు. బూట్లకు పాలిష్ పెట్టుకుంటాడు. కూర్చోమని చెప్పి స్నానానికి పోతాడు.

ఈ రోజు పొద్దున అతను క్లినిక్‌కు ఆలస్యంగా వచ్చాడు. బండి పంక్చరైంది మేడం అన్నాడు. షాజియా చాయ్ తాగమని చెప్పింది.

"సాయిరాం," అంది. తర్వాతి మాట ఆమె నోట్లోంచి అరుపులా వచ్చింది. "గ్రేస్‌ను అతని చేతిలనే పెట్టిన!"

బాపురావు అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

షాజియా క్లినిక్‌కు ఫోన్ చేసింది. సిస్టర్ సవిత ఎత్తింది. "ఇంకా రాలే మేడం. నేను గేటు దగ్గరనే ఉన్న." బోధన్ నుంచి నిజామాబాద్‌కు ముప్పావుగంట. వాళ్లు బయలుదేరి గంటన్నర దాటింది. గ్రేస్ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

సాయిరాంకు కలిపింది. బాపురావు జీపు పక్కన నిలబడి, మామూలుగా మాట్లాడమని చేత్తో సైగ చేశాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టించాడు.

"చెప్పుండ్రి మేడం." అదే గొంతు. ఎనిమిదేళ్లుగా పొద్దున్నే నమస్తే చెప్పే గొంతు.

"ఎక్కడున్నవ్ సాయిరాం? చేరుకున్నరా?"

"లేదు మేడం. అక్క మధ్యల దిగిపోయింది. ఇంట్ల ఏదో మర్చిపోయినంటే నేను ఆపిన. బస్సుల వస్తనన్నది. ఎంత చెప్పినా ఇనలే. మీకు ఎరుకే గద, ఆమె సంగతి. పొద్దున గింత జరిగింది, మనసు గూడ ఎట్లుందో ఏమో. ఏమన్నా చేసుకుంటదేమోనని నాకు భయంగుంది మేడం."

మర్చిపోయే మనిషి మీద ఏ నింద వేసినా అతుక్కుంటుంది. పొద్దున ఒక చావు ఆమె మీద అతుక్కుంది. ఇప్పుడు ఇంకో చావుకు కథ తయారవుతోంది.

షాజియా మాట్లాడబోయి ఆగింది. సాయిరాం గొంతు వెనక ఒక చప్పుడు వినిపిస్తోంది. టింగ్, టింగ్, టింగ్ అని, ఆగకుండా. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. తన కారే. ముందుసీట్లో పక్కన మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే, బండి కదులుతున్నంతసేపూ అది అలా మోగుతూనే ఉంటుంది. ఖాళీ సీటుకు మోగదు; సాయిరాం తన బెల్టు ఎప్పుడూ మరవడు.

"సీట్ల ఉంది," అని పెదవులు మాత్రం కదిపి బాపురావుకు చెప్పింది. ఫోన్‌లోకి మాత్రం మెత్తగా, "అయ్యో, గట్లనా. సరే సాయిరాం, నువ్వు పరేషాన్ గాకు. ఇప్పుడు యాడిదాక వచ్చినవ్?" అంది.

"దగ్గరికే వచ్చిన మేడం. మాక్లూర్ దాటిన."

బోధన్ నుంచి నిజామాబాద్‌కు వచ్చే దారిలో మాక్లూర్ రాదు; అది గోదావరి వైపు పోయే దారి. బాపురావు వైర్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు. నోటికి దగ్గరగా పెట్టుకుని, గోదావరి వైపు పోయే దారులన్నీ, నవీపేట్ దాకా, మూసెయ్యమని గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు. తెల్ల కారు. నంబరు కోసం షాజియా వైపు చూశాడు. ఆమె వేలితో జీపు బానెట్ మీది దుమ్ములో నంబరు రాసింది.

"మేడం, ఉన్నరా?" అన్నాడు సాయిరాం.

"ఉన్న. చెప్పు."

"మీరు ఇంకా ఎడపల్లిలనే ఉన్నరా? సీఐ సారు గూడ పక్కనే ఉన్నడా?"

ఆ ప్రశ్నలో మర్యాద అలాగే ఉంది. కానీ దాని అడుగున ఏదో మారింది. షాజియా జవాబు వెతుక్కునేలోపే ఫోన్‌లో టింగ్, టింగ్ అన్న ఆ చప్పుడు ఆగిపోయింది.

కంకర మీద టైర్లు ఒరుసుకున్న చప్పుడు. తర్వాత ఇంజను కూడా లేదు. గాలి, దూరంగా నీళ్లు.

బాపురావు కళ్లతోనే అడిగాడు.

"గోదావరి దగ్గర బండి ఆపిండు," అంది షాజియా.